అమ్మమ్మ పక్షమున

మన పాఠశాలా వార్షిక సంచికకు పూర్వవిద్యార్థులు గూడ నేదైన వ్రాయవలయునని ప్రధానోపాధ్యాయులుగారు సెలవిచ్చినప్పుడు నేను చాల దినములు వెనుదీసితిని. పదవ తరగతి ముగించి యీ పాఠశాల విడిచి నాలుగు సంవత్సరములైనది. ఈ నాలుగేండ్లలో నేను చూచిన దేశములు లేవు. చేసిన ఘనకార్యములును లేవు. అయినను క్రిందటి సంవత్సరము మా యింట జరిగిన యొక చిన్న సంగతి నాకు మంచి పాఠము నేర్పినది. అది పరీక్షలలో నడుగు పాఠము గాదు. కాని మన కోనసీమలోని ప్రతి యింటను నేడో రేపో పనికివచ్చునట్టిది. కావున దానినే చదువరుల కర్పించుచున్నాను.

మాది రాజోలు ప్రాంతమునందలి యొక లంకగ్రామము. నా తండ్రి నా చిన్ననాడే గతించెను. తల్లి బ్రదుకుదెరువునకై కువైటు వెళ్ళి తొమ్మిదేండ్లైనది. నన్ను పెంచి చదివించినవారు అమ్మమ్మయు తాతయ్యయు. తాతయ్య కొబ్బరి దింపు తీయువాడు. మోకాళ్ళు మొరాయించువఱకు ఆ పని విడువలేదు. అమ్మమ్మ నలువదియేండ్లు కొబ్బరిపీచు తాడు పేనినది. తాతయ్యకు వృద్ధాప్య పింఛను వచ్చుచుండెను. కుటుంబమున కొక్క పింఛను అనెడి నియమమునుబట్టి అమ్మమ్మకు వేఱుగా లేకుండెను.

ఈ పింఛనును గూర్చి పిల్లలకు రెండు మాటలు చెప్పవలసియున్నది. నిరుపేదలగు వృద్ధులకు కేంద్రప్రభుత్వము సాయము చేయు జాతీయ సామాజిక సహాయ పథకము 1995 ఆగష్టు 15వ తేదీని మొదలైనది. మన రాష్ట్రమున 2014 అక్టోబరులో నెలకు 200 రూపాయలుగా నున్న వృద్ధాప్య పింఛను 1,000 రూపాయలైనది. 2019 జనవరిలో 2,000 ఐనది. 2024 జూలైలో 4,000 ఐనది. మొదటి తేదీని ఉద్యోగులే యింటికి వచ్చి యిచ్చుచుండిరి. ఆ సొమ్ముతోడనే మా పెద్దవారిద్దఱి మందులును, కొంతవఱకు నా పుస్తకములును గడచుచుండెను. అంతకంటె ముఖ్యమైన దొకటి గలదు. ఆ దినమున తాతయ్య ఉతికిన చొక్కా తొడుగుకొని అరుగుమీద కూర్చుండెడివాడు. నెలకొక్క దినమైనను తా నెవ్వరి చేతికిని లోకువ గాదని యాయనకు తోచుచుండెను గాబోలు.

తాతయ్య పోవుటకు రెండు నెలల ముందు అమ్మమ్మ నూతికడ కాలుజారి పడి తుంటియెముక విఱుగుటచే మంచము పట్టినది. తాతయ్య పోయినప్పుడు ఆమెను మంచముతో గూడ నెత్తి వాకిటికి దెచ్చి కడసారి చూపు చూపించితిమి.

పింఛను పొందుచున్న భర్త మరణించినచో భార్యకు దాని నిచ్చు ఏర్పాటు గలదు. ఇది తెలిసినవెంటనే నేను నడుము బిగించితిని. జననమరణముల నమోదు చట్టము 1969 నాటిది. దాని ననుసరించి మరణమును 21 దినములలో తెలియజేయవలెను. ఆ పని చేసి మరణ ధ్రువపత్రమును సంపాదించితిని. దానిని, ఇద్దఱి ఆధారు కార్డులను, రేషను కార్డును ఒక సంచిలో బెట్టుకొని, లోలోపల నా చురుకుదనమునకు నేనే మెచ్చుకొనుచు గ్రామ సచివాలయమునకు వెళ్ళితిని.

అచటి యుద్యోగిని నాకంటె నైదాఱేండ్లు పెద్దదై యుండును. ఆమె కాగితములన్నియు నోపికతో చూచి యిట్లడిగిరి.

"దరఖాస్తు ఎవరిది, బాబూ?"

"మా అమ్మమ్మదండి."

"ఆవిడ రాలేదా?"

"మంచం మీంచి లేవలేదండి. నేను ఆవిడ మనవణ్ణి."

"మనవడివని ఏదైనా కాగితం ఉందా?"

నేను తెల్లబోయితిని. నా ఇంటిపేరు మా తండ్రిది. అమ్మమ్మ యింటిపేరు వేఱు. నా పేరు నా తల్లి కార్డులో నున్నది. అమ్మమ్మ పేరు తాతయ్య కార్డులో నున్నది. నే నామెకు మనుమడనని ఊరందఱకును తెలియును. కాగితమునకు మాత్రము తెలియదు. ఈ సంగతి చెప్పగా ఆమె చిఱునవ్వు నవ్విరి.

"సరే, మనవడివే అనుకుందాం. ఆవిడ నిన్ను పంపిందా?"

ఈ ప్రశ్నకు నా నోట మాట రాలేదు. ఏలయన, అమ్మమ్మను నేనసలు అడిగియే యుండలేదు. ఆమె మేలుకొఱకు చేయు పని గదా, అడుగనేల యని తలంచితిని.

"మనవడివి కావడం వేరు, ఆవిడ పంపగా రావడం వేరు, బాబూ. ఆవిణ్ణి మంచం మీద మోసుకురావద్దు. ఈ వారంలో నేనే ఇంటికి వస్తాను. ఈలోగా ఆవిణ్ణి అడుగు. సరేనంటే, ఫలానా పనికి నిన్ను పంపుతున్నానని ఒక ఉత్తరం రాయించి, ఆవిడ సంతకమో వేలిముద్రో, ఇద్దరు సాక్షుల సంతకాలూ పెట్టించుకురా."

నేను మండిపడుచు ఇంటికి వచ్చితిని. వాకిట నడుగుపెట్టీపెట్టకమునుపే, కన్నబిడ్డవలె పెరిగిన నన్ను దొంగను చూచినట్లు చూచిరని అమ్మమ్మతో మొఱపెట్టుకొంటిని. ఆమె నన్ను మంచము పట్టెమీద కూర్చుండబెట్టుకొని నెమ్మదిగా ననెను.

"నువ్వు దొంగవి కాదని ఆ పిల్లకెలా తెలుస్తుందిరా? దొంగ మాత్రం దొంగనని చెప్పి వస్తాడా?"

పిమ్మట ఆమె నేనంతవఱకు వినని యొక సంగతి చెప్పెను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను తుపాను ముంచినది. వేలాది కొబ్బరిచెట్లు వేళ్ళతో గూలినవి. మా యింటి కప్పు ఎగిరిపోయెను. దూలము మీదపడి తాతయ్య కాలికి దెబ్బ తగిలెను. సాయముగా బియ్యము, కొంత సొమ్ము పంచుచున్నారని తెలిసినను, ఆయనను విడిచి అమ్మమ్మ కదలలేకపోయినది. దూరపు బంధువొకడు వచ్చి, "నువ్వెందుకు వదినా, మీ తరపున నేను తెస్తాగా" అనెను. మూడవనాడు కూడ అతడు రాకపోగా ఆమెయే వెళ్ళి విచారించెను. అచటివారు పట్టిక తీసి చూపిరి.

"నా పేరు ఎదర వేలిముద్ర ఉందిరా. నా వేలు కాని వేలు! తీసుకున్నావు కదా అన్నారు నన్ను. ఆ వేళ వాణ్ణి 'ఆవిడ నిన్ను పంపిందా' అని అడిగిన నాథుడు లేడు. ఈ పిల్ల అడిగింది. అందుకు నీకు కోపమా?"

నా కోపము చల్లారినది. అమ్మమ్మ అంతటితో నాపలేదు. ఆమెకు రామాయణమే పెద్దబాలశిక్ష.

"హనుమంతుడు వెళ్ళి రాముడి బంటునన్నాడు. సీతమ్మ నమ్మేసిందా? అంతకు ముందొకడు సన్నాసి వేషంలో వాకిట్లోకి రాబట్టే కదా ఆవిడ అక్కడుంది. అనుమానించింది. ఉంగరం చూపించాక నమ్మింది. నమ్మినా, వీపెక్కించుకు తీసుకుపోతానంటే ఒప్పుకుందా? లేదు. ఆయన వచ్చింది కబురు కోసం. కబురు వరకే."

ఆ కథ నేను తెలుగు తరగతిలో విన్నదే. కాని ఉంగరమనగా కాగితమునకు ముందటి కాగితమని నాకెన్నడును తోచలేదు. హనుమంతుని భక్తి యెంత గొప్పదైనను సీతకు కంటికి గనబడదు, ఉంగరము గనబడును. ఎవరి పక్షమున మనము మాటాడుచున్నామో వారి గుర్తు మనచేత నుండవలెను. ఆ గుర్తు ఎంత పనికి ఇయ్యబడినదో అంతవఱకే మన యధికారము.

అప్పుడు నేను మొదట చేయవలసిన పనిని చివరకు చేసితిని. "అమ్మమ్మా, తాతయ్య పింఛను నీ పేరిట అడగమంటావా?" అంటిని.

ఆమె గోడవైపు తిరిగి చాలసేపు పలుకలేదు. పిదప, "ఆయన పోయి నెలైనా తిరగలేదు. ఆయన డబ్బుకి అప్పుడే నేను చెయ్యి చాపాలా?" అనెను. నా చురుకుదనమునకు నేను మెచ్చుకొన్న యా యుదయము నాకు జ్ఞప్తికి వచ్చి తలవంచుకొంటిని. నేను లెక్కపెట్టినది సొమ్ము. ఆమె లెక్కపెట్టుచుండినది దినములు. ఆ రాత్రి మఱల ఆ ప్రసంగము తేలేదు.

మఱునాటి యుదయము ఆమెయే పిలిచెను. మూడు షరతులమీద నొప్పుకొనెను: సొమ్ము ఆమె చేతికే ఇయ్యవలెను, ఉత్తరములో ఈ యొక్క పని తప్ప మఱేమియు నుండరాదు, పని యైన పిమ్మట ఆ కాగితము ఆమెకు తిరిగి యిచ్చివేయవలెను. నేను వ్రాసి చదివి వినిపించితిని. "అన్ని పనులకును" అని నేను వ్రాసిన మాటను కొట్టివేయించెను. ప్రక్కయింటి మామయ్యయు, పోస్టుమానుగారును సాక్షులైరి.

వేలిముద్ర వేయించుటకు నేను సిరాబిళ్ళ తెచ్చితిని. ఆమె దానిని ప్రక్కకు నెట్టి, "వేలు వద్దు. సంతకం పెడతాను" అనెను. సాక్షరతా ఉద్యమపు దినములలో ఊరి రాత్రిబడిలో ఆమె తన పేరు వ్రాయ నేర్చినదట. నేనది చూచియుండలేదు. పరుండియే పలకమీద కాగితము నానించుకొని నాలుగక్షరములు వ్రాయుటకు పావుగంట పట్టినది. మూడవ యక్షరమునకు తలకట్టు మఱచి, తిరిగి వచ్చి పెట్టినది. సాక్షులిద్దఱును కదలక నిలుచుండిరి.

ఆ వారములోనే యుద్యోగిని చెప్పిన ప్రకారము మా యింటికి వచ్చిరి. ముందు నన్ను అరుగుమీదకు వెళ్ళుమనిరి. గోడ కవతలనుండి నాకు మాటలు వినబడుచుండెను. "ఈ అబ్బాయిని మీరే పంపారా, అమ్మా? మీకు ఇష్టమేనా? డబ్బు ఎవరి చేతికివ్వాలి?" అని ఆమె అడిగిరి. అమ్మమ్మ ఒక్కొక్క ప్రశ్నకు తానే బదులు చెప్పెను. మంచము పట్టినది మొదలు ఆమె విషయము లన్నియు మేమే మాటాడుచుంటిమి. వైద్యులుగూడ నన్నే అడుగుచుండిరి. చాల దినములకు ఒకరు ఆమెనే అడుగుట ఆనాడే వింటిని.

పిమ్మట వేలిముద్రల యంత్రము తీసిరి. పది వ్రేళ్ళలో నొక్కటియు పట్టలేదు. నలువదియేండ్ల పీచుతాడు ఆ రేఖల నెన్నడో అరగదీసినది. కనుపాపను జూచు యంత్రమున మాత్రము గుర్తు సరిపోయినది. ఇట్టి చిక్కు అనేకులకు గలదు. వేలిముద్ర పడని కారణముచేత నిజమైన అర్హులకు సాయము మానిపివేయరాదని సర్వోన్నత న్యాయస్థానము 2018 సెప్టెంబరు 26వ తేదీ నాటి ఆధారు తీర్పులో హెచ్చరించినది. ఉద్యోగిని ఉత్తరమునకు నకలు తీసికొని అసలు నాకిచ్చిరి.

ఈ సంగతి జరిగిన తరువాత, ఒకరి మాఱుగా మఱియొకరు వ్యవహరించుటను గూర్చి నేను కొంత చదివి తెలిసికొంటిని. తోటి విద్యార్థులకు పనికివచ్చునని యిచట సంగ్రహముగా చెప్పుచున్నాను.

చిన్న పనులకు మేము వ్రాసికొన్నట్టి ఉత్తరము చాలవచ్చును. భూములు, ఇండ్లు మొదలగు పెద్ద వ్యవహారములకు ముక్త్యారునామా వలయును. నేడు దీనిని పవర్ ఆఫ్ అటార్నీ యనుచున్నారు. దానిని గూర్చిన చట్టము 1882 నాటిది. దస్తావేజులు రిజిస్టరు చేయించు నిమిత్తమైన ముక్త్యారునామాను సబ్ రిజిస్ట్రారు ఎదుట వ్రాసి యియ్యవలెను. ఐతే 1908 నాటి రిజిస్ట్రేషను చట్టములో నొక దయగల మాట గలదు. దేహబలము చాలక ప్రమాదము లేకుండ కార్యాలయమునకు రాలేనివారు రానక్కఱలేదు. అధికారియే వారి యింటికి వెళ్ళి విచారింపవచ్చును. నూఱేండ్లకు మించిన యా చట్టమును చదివినప్పుడు మా వాకిట నిలిచిన యుద్యోగిని నాకు జ్ఞప్తికి వచ్చిరి.

పరదేశమున నున్నవారు ముక్త్యారునామాను అచటి మన రాయబార కార్యాలయమున ధ్రువపఱపించి పంపుదురు. అది మన దేశమున చేతికందిన మూడు నెలలలోపల ఇచట స్టాంపు వేయించుకొనవలెనని 1899 నాటి స్టాంపు చట్టము చెప్పుచున్నది. గల్ఫు దేశములలో బంధువులు లేని యిల్లు కోనసీమలో అరుదు గదా. నా తల్లి కువైటునుండి నాకట్టి పత్రము పంపినప్పుడు ఈ మూడు నెలల సంగతి మాకు మిగుల నుపయోగించినది.

ఐతే ముక్త్యారునామాకొక హద్దు గలదు. ఇచ్చినవారు మరణించినను, మతి చలించినను, ఆ యధికారము తీరిపోవునని 1872 నాటి కాంట్రాక్టు చట్టము 201వ సెక్షనునం దున్నది. చూడగా నిది విపరీతముగా తోచును; అవసరము హెచ్చైనప్పుడే పత్రము పనికిరాకపోవుచున్నది. కాని యోచింపుడు. ఇచ్చినవారు వలదని చెప్పగలిగినంతవఱకే వారి మాటను మనము మోయుచున్నాము. వలదని చెప్పు శక్తి వారికి లేనప్పుడు మనలను కనిపెట్టి చూచుట కింకొకరు ఉండవలెను. అందుచేతనే బుద్ధిమాంద్యము, మస్తిష్క పక్షవాతము మొదలగు వైకల్యములు గలవారికి సంరక్షకులను నియమించుటకు 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము జిల్లా కలెక్టరు సభ్యుడుగా నుండు స్థానిక సంఘము నేర్పఱచినది. స్పృహ లేక పడియున్నవారి విషయమున సంరక్షకుల నియామకమునకు కేరళ ఉన్నత న్యాయస్థానము 2019లో పద్ధతులను నిర్ణయించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము మఱియొక యడుగు ముందుకు వేసినది. దాని ప్రకారము పరిమిత సంరక్షకుడు తన యిష్టము వచ్చినట్లు నిర్ణయింపరాదు. ఎవరికొఱకు నియమింపబడెనో వారితో సంప్రదించియే నిర్ణయింపవలెను.

ఇతర దేశములందును ఇట్టి జాగ్రత్తయే గలదు. ఇంగ్లండులో ఒకరి ప్రభుత్వసాయమును వారి పక్షమున స్వీకరింప గోరువారిని నియమించుటకు ముందు అధికారులు ఆ యశక్తుని స్థితిని, అడుగువారి యోగ్యతను గూడ విచారింతురు. అమెరికాలో సాంఘిక భద్రతాశాఖ వారు ఇట్టి సొమ్మును స్వీకరించుటకు ముక్త్యారునామా యొక్కటి చాలదందురు; ప్రతినిధిని తామే పరీక్షించి నియమింతురు. ఆ ప్రతినిధి సొమ్మును ఆ వ్యక్తి యవసరములకే వ్యయపఱుపవలెను. అచట స్థిరపడిన మన తెలుగువారు తమ తల్లిదండ్రుల నిమిత్తము ఈ నియమములకు లోబడవలసినవారే. దేశమేదైనను, "ఆవిడ నిన్ను పంపిందా" అను ప్రశ్న తప్పదు.

సోదర విద్యార్థులారా! మీలో ననేకులు ఇంటిలో మొదటిగా చదువుకొన్నవారు. దరఖాస్తులు నింపుట, సెల్‌ఫోనులో వివరములు చూచుట, కార్యాలయములకు వెళ్ళుట మీ పాలబడును. పెద్దవారు మీ చేతికి కార్డులిచ్చి, మీరు చూపినచోట నెల్ల వేలు వేయుదురు. అది మీయందలి నమ్మకము. ఆ నమ్మకమునకు మీరు చెల్లింపవలసినది మూడు పనులు: మొదట వారి నడుగుడు, వ్రాసినదానిని వారికి చదివి వినిపింపుడు, పని తీరగానే వారివి వారికి తిరిగి యిచ్చివేయుడు. కార్యాలయములో మిమ్ము నెవరైన నిలిపి యధికారమేదని యడిగినచో కోపింపకుడు. ఆ ప్రశ్న మీకు ఎదురుగా గాదు, మీ వెనుక మంచముమీద నున్నవారికి కాపుగా నిలుచుచున్నది.

ఇక మా యింటి సంగతి ముగించెదను. మంజూరైన తరువాతి మొదటి తేదీని ఉదయమే సొమ్ము వచ్చెను. ఆ వేకువనే అమ్మమ్మ తల దువ్వించుకొని, ఉతికిన చీర కట్టించుకొని, వెనుక దిండ్లు పెట్టించుకొని కూర్చుండెను. ఎనిమిది అయిదువందల నోట్లను తన చేతితోనే అందుకొని రెండుమార్లు లెక్కపెట్టెను. ఉద్యోగులు వెళ్ళిన పిమ్మట నావైపు చేయి చాపెను. మందులకు సొమ్మిచ్చుటకని నేను ముందుకు వంగితిని.

"ఏదిరా, నా కాగితం?" అనెను.

సంచిలోనుండి ఉత్తరము తీసి యిచ్చితిని. తన సంతకమును ఒక్కమాఱు చూచుకొని, నాలుగు మడతలు పెట్టి, మంచము క్రింది ట్రంకుపెట్టెలో తాతయ్య కార్డుతోబాటు దాచుమని నాచేతనే దాచించెను. తాళపుచెవి మాత్రము తాను కొంగున ముడివైచుకొనెను.